తొమ్మిది నెలల మోకాలు

కోచ్ ఫోన్ పెట్టేశాక కూడా అబేని దాన్ని చెవికి ఆనించుకునే కూర్చుంది.

"ఏమన్నాడే?" వంటింట్లోంచి అయోకా అడిగింది.

"మూడు వారాల్లో అబూజాలో క్యాంపట అక్కా. పరుగు పరీక్ష పాసైతే జట్టులో ఉంటానట. లేదంటే నా జాగా ఇంకొకళ్ళకట."

ఆపరేషన్ జరిగి ఐదు నెలలు. మోకాట్లో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు తెగితే డాక్టరు కొత్తది అమర్చాడు. అది గట్టిపడటానికి తొమ్మిది నెలలు పడుతుందని, ఈలోగా మైదానంలో అడుగుపెట్టిందా, ఇక ఆట మర్చిపోవచ్చని ఖరాఖండీగా చెప్పాడు.

జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి మొదటిసారి ఎంపికై, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే క్యాంపులో పడిపోయింది అబేని. ఆ రోజు "నీ కోసం ఎన్నాళ్ళయినా ఆగుతాం" అని తల నిమిరిన కోచ్ ఇతనే. తర్వాత ఒక్కసారీ పలకరించలేదు. గదిలో కలిసి ఉన్న స్నేహితురాళ్ళు మెసేజ్ చూసి కూడా ఊరుకుంటున్నారు. నమ్మినవాళ్ళంతా ఇలా మొహం చాటేస్తారని అబేని కలలో కూడా అనుకోలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

"నేను పరిగెడతా. నొప్పేం లేదు," అంటూ లేచింది.

అయోకా బూట్లు లాక్కుంది. "పిచ్చెక్కిందా? నొప్పి లేకపోతే అతుక్కున్నట్టేనా? పద, గోడకానుకుని కూర్చుని లే. ముప్పైసార్లు. నేను లెక్కపెడతా."

ఐదు నెలలుగా ఇదే వరస. ఐసు పెట్టేదీ, ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ అయోకాయే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడేవారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరెందుకని స్కూలు కోచ్ అబేనిని ఉంచుకుని అయోకాను పంపేశాడు. అయోకా పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రాలు వీధిలో మగపిల్లలతో ఆడుకుంటుంది, అంతే.

మర్నాడు మేనత్త వచ్చింది. వాళ్ళ ఊరు ఇబాదాన్‌లో పెద్దవాళ్ళు కనబడితే ఆడపిల్లలు మోకాళ్ళ మీదికి వంగాల్సిందే. అబేని నిలబడే తల వంచింది.

"జాతీయ జట్టంటే మోకాళ్ళు కూడా బిగుసుకుపోతాయేమిటే?" అని అత్త దెప్పింది.

అయోకా మోకాళ్ళ మీద వంగింది. లేచి, మళ్ళీ వంగింది.

"మొదటిది నాది, రెండోది దానిది. సరిపోయిందా అత్తా?"

అత్త ఫక్కున నవ్వేసింది. అబేనికి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోకమంతా వదిలేసినా తనకి అక్క ఉంది.

అత్త వెళ్ళగానే అయోకా అంది. "ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదే. నేనే అబూజా వెళ్తా. నీ జాగా పోనిస్తానా?"

అబేని క్యాంపు కార్డు, పాస్‌పోర్టు, మోకాలికి వేసుకునే పట్టీ, అన్నీ సంచిలో పెట్టుకుంది. క్యాంపులో నిన్నేమని పిలుస్తారు, నీ మంచం ఎవరి పక్కన అని గుచ్చిగుచ్చి అడిగింది.

"అవన్నీ నీకెందుకక్కా?"

"అన్నీ తెలిస్తేనే కదే గట్టిగా మాట్లాడగలను."

జుట్టు కూడా అబేనిలాగే సన్నజడలు అల్లించుకుంది. నీ గుర్తుగా ఉంటుందిలే అంది. బస్సుకి బయలుదేరుతూ మరీ మరీ చెప్పింది. "గుమ్మం దాటకు. నువ్వు కుంటడం ఎవడైనా చూస్తే కోచ్‌కి మోసేస్తాడు."

క్యాంపు మొదలైన వారానికి ఫోనొచ్చింది.

"నీ పేరు లిస్టులో ఉందే!"

"పరీక్ష లేకుండానే?"

"నేను చూసుకుంటానన్నాగా. ఇక్కడ ఇంకా కాగితాల పనుంది, కొన్నాళ్ళు ఉంటా. నువ్వు తొందరపడకు. తొమ్మిది నెలలంటే తొమ్మిది నెలలే."

అబేని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆగుతానన్న కోచ్ ఆగాడు! అనవసరంగా అతన్ని తిట్టుకున్నందుకు సిగ్గుపడింది. అక్క మాట జవదాటకుండా ఇంట్లోనే ఉండి, గోడకానుకుని రోజూ కూర్చుని లేచింది.

ఆరో నెలలో మ్యాచ్. తన బదులు ఎవర్ని దింపుతారో చూద్దామని టీవీ పెట్టింది. జట్లు ఇంకా బయటికి రాలేదు. వ్యాఖ్యాత మాత్రం ఊగిపోతున్నాడు.

"మోకాలి ఆపరేషన్ అయిన ఆరు నెలలకే మైదానంలోకి! ఇదొక అద్భుతం! పదకొండో నంబరు, అబేని అలాబి!"

పొరపాటు పడ్డాడు పాపం అనుకుని నవ్వుకుంది. ఈ తమాషా చెబుదామని అక్కకి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

తెర మీద పదకొండో నంబరు చొక్కాతో, అచ్చు గుద్దినట్టు అబేని మొహంతోనే నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది, ఒకే కాన్పులో పావుగంట వెనక పుట్టి, కవలల్లో రెండో బిడ్డే పెద్దదనే తమ యొరుబా ఆచారం పుణ్యమా అని అక్కయిన అయోకా.