టైలరు గారి పీత

నాలుగోసారి కూడా తాడు ఖాళీగానే పైకి వచ్చింది.

చివర కట్టిన చేప తల మాత్రం భద్రంగా ఉంది. దాన్ని పట్టుకుని నీటి అంచుదాకా వచ్చిన పీత టక్కున వదిలేసి, బుడుంగున మునిగిపోయింది.

"బావా, నువ్వు పీతల్ని పడుతున్నావా, వాటికి భోజనం వడ్డిస్తున్నావా?" అన్నాడు బావమరిది.

చెక్కవంతెన మీద అందరూ గొల్లుమన్నారు. వాచీలు బాగుచేసే స్నేహితుడైతే నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

టైలరు మాత్రం నవ్వలేదు.

పీతలు పట్టడానికి రావడం వాళ్లందరికీ ఇదే మొదటిసారి. అయినా "అక్కడున్న వాటన్నిటికంటే పెద్దది నేనే పడతా చూడు" అని వారం రోజులుగా కూతురి దగ్గర కోతలు కోసింది ఆయనే. ఆ పిల్ల ఊరుకుంటుందా? క్లాసంతా చాటింపు వేసేసింది.

"రేపు బళ్లో అందరూ నన్నే అడుగుతారు నాన్నా," అంది కూతురు చిన్నగా.

ఆ మాట టైలరుకు సూదిలా గుచ్చుకుంది. పౌరుషంగా తాడు మళ్లీ నీళ్లలోకి విసిరాడు.

"గుంజకండి."

వంతెన చివర కూర్చున్న ముసలాయన అన్నాడు. పొడుగాటి కర్రకు బిగించిన వల ఆయన ఒళ్లో ఉంది. పొద్దున్నుంచీ ఆయన పట్టిందేమీ లేదు. వచ్చేపోయే వాళ్ల బకెట్లలోకి తొంగిచూడడమే పని.

"మీరు టైలరు కదూ?"

"మీకెలా తెలుసు?"

"మెళ్లో టేపు."

టైలరు తడుముకున్నాడు. ఆదివారం పూట, పీతల వేటకు కూడా, టేపు వేసుకునే వచ్చాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కుట్టు బిగించినట్టు ఆఖర్న ఓ గుంజు గుంజుతున్నారు. ఆ గుంజుకే అది జడుసుకుని వదిలేస్తోంది," అన్నాడు ముసలాయన. "బిగించే చెయ్యి కాదు, కుట్టు విప్పే చెయ్యి కావాలి. గుడ్డకు కూడా తెలియకుండా దారం లాగుతారు చూడండి, అలాగ."

"ముప్పై ఏళ్లుగా దారం పట్టిన చెయ్యండీ ఇది. మాకూ తెలుసు," అన్నాడు టైలరు పెడసరంగా.

"సలహాలన్నీ ఇచ్చి, చివర్లో వాటా అడుగుతాడు చూస్తుండు," బావమరిది గొణిగాడు. అందరికీ వినపడేంత గట్టిగానే గొణిగాడు.

ముసలాయన ఒళ్లోని వల సర్దుకున్నాడు.

తాడు బిగిసింది.

ఈసారి టైలరు చెయ్యి తనంతట తనే కుట్టు విప్పడం మొదలుపెట్టింది. జానెడు. ఆగడం. మళ్లీ జానెడు. ఇంత బరువు పొద్దున్నుంచీ తగల్లేదు. ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

నీళ్లలో నల్లగా, పళ్లెమంత డిప్ప కనిపించింది.

"అమ్మో!" అంది భార్య.

పీత కత్తెరలాంటి డెక్క ఒకటి వదిలేసింది. రెండోదీ సడలుతోంది.

సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఓ వల చప్పుడు లేకుండా దాని కిందకు జారింది. ముసలాయన ఒక్క ఊపులో పైకెత్తాడు.

"ఏయ్, అది మా పీత!" బావమరిది అరిచాడు.

"మీదే నాయనా."

ముసలాయన దాన్ని వాళ్ల బకెట్లోకి దించాడు. ఎందుకో కాసేపు దానివంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి పురికొస తీసి డెక్కలు కట్టి, పైన తడిగోనె కప్పాడు.

"ఒడ్డున ఎరలమ్మే కొట్టుంది. వెళ్లేముందు అక్కడ తూకం వేయించండి. మరిచిపోవద్దు."

"తూకం ఎందుకండీ? మేం అమ్ముకోడానికి పట్టలేదు."

"బరువెంతని రేపు బళ్లో అడిగితే పాప చెప్పాలి కదా."

వల భుజాన వేసుకుని ఆయన వెళ్లిపోయాడు.

"ఒక్క మంచిమాట అంటే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య. "ఆయన వల పెట్టకపోతే అది ఈపాటికి నీళ్లలో ఉండేది."

"లాగింది నేను కదటే," అన్నాడు టైలరు. కానీ ఆ మాట ఆయనకే అంత బాగా అనిపించలేదు.

సామాన్లు సర్దుకుని కొట్టుకు చేరేసరికి అరగంట పట్టింది.

కొట్టతను పీతను కాటా మీద పెట్టి, రెండుసార్లు చూసి, గట్టిగా చదివాడు.

"రెండు కేజీల నూట పది గ్రాములు! ఈ వంతెన మీద ఇంత పెద్దది ఇప్పటిదాకా పడలేదండీ!"

కూతురు గాల్లోకి ఎగిరింది. పొద్దుటినుంచీ ఎగతాళి చేసిన బావమరిది "మా బావంటే ఏమనుకున్నారు!" అంటూ టైలరును అమాంతం ఎత్తేశాడు. స్నేహితుడు దారినపోయే వాళ్లను పిలిచి మరీ పీతను చూపించాడు. ముప్పై ఏళ్లు ఊరందరి కొలతలూ తీసిన టైలరు, జీవితంలో మొదటిసారి తనే ఓ రెండంగుళాలు పెరిగినట్టు నిలబడ్డాడు.

"ఇలా రండి, ఫొటో తీసి గోడకు పెడతాను," అన్నాడు కొట్టతను. కెమెరా బల్లమీద సిద్ధంగానే ఉంది.

టైలరు మెళ్లో టేపు తీయబోయి, ఉండనిచ్చాడు. కూతుర్ని పక్కన నిలబెట్టుకున్నాడు.

గోడ మీద ఓ మేకు, దాని కింద రంగు వెలవని నలుచదరపు మచ్చ కనిపించాయి.

"ఇక్కడ ఇంతకుముందు ఎవరి ఫొటో ఉండేది?"

"పంతొమ్మిదేళ్లుగా ఒకాయనదే ఉండేదండీ. ఆయన పీత మీదానికంటే డెబ్బై గ్రాములు తక్కువ."

"అయ్యో పాపం! తెలిస్తే బాధపడతాడేమో," అన్నాడు టైలరు.

"బాధా?" కొట్టతను నవ్వాడు. "ఇందాకే భుజాన వలతో వచ్చి, తన ఫొటో తనే దించుకుని, మేకుకున్న దుమ్ము తుడిచి, 'టైలరు గారు పాపతో వస్తున్నారు, కెమెరా తీసి పెట్టు' అని తనే పట్టినంత గర్వంగా చెప్పి వెళ్లాడండీ."