ఏరు చేరని వాగు

"దీన్ని నీళ్ళంటారా మేడమ్?" యుసేబియో అర్చులెటా వాగులోంచి గుప్పెడు ఇసుక తీసి, ఆమె కళ్ళ ముందే వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. "ఏదీ, కాస్త తాగి చూపించండి."

జోన్ హాలొరన్ నవ్వలేదు. యుసేబియో పెట్టుకున్న అర్జీ మీద, ఈ వాగు అమెరికా కేంద్ర ప్రభుత్వపు నీటి చట్టం కిందికి వస్తుందో రాదో తేల్చడానికి వచ్చిన అధికారి ఆమె. వస్తే గనక, ఇందులో తట్టెడు మట్టి పోయాలన్నా అనుమతి కావాలి.

"వానొస్తే పారుతుంది కదండీ?"

"ఓ పూట పారుతుంది. ఆ మాటకొస్తే మా ఇంటి కప్పూ కారుతుంది. దాన్నీ రాసుకుంటారా?"

వాగు పూడ్చి, ఒడ్డునున్న మంచినీళ్ళ బావి పక్కనే కూతురికి రెండు గదులు వేయాలని ఆయన ఆశ. భర్త పోయాక ఒఫెలియా ఇద్దరు పిల్లలతో వచ్చి వంటింట్లో పడుకుంటోంది. మిగతా నేలంతా రాయి.

ఇద్దరూ వాగు వెంట దిగువకి నడిచారు. గాలి దుమ్ము రేపుతోంది. రియో గ్రాండే నది ఇంకా చాలా దూరముండగానే ఒడ్లు పల్చబడి, వాగు ఇసుకలో కలిసిపోయింది. ఆపైన తుప్పలే.

జోన్ కాగితాల్లో ఏదో రాసుకుని పెన్ను మూసింది.

"నదిదాకా చేరడం లేదు. కొత్త నిబంధన ప్రకారం నదిని చేరే వాగులే లెక్క; ఇది మా కిందికి రాదు. మీ ఇంటి దగ్గరే కాదు, పైన కొండదాకా ఎక్కడా రాదు."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది అదే కదా తల్లీ." ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "మరి మొహం అలా పెట్టారేం, మీ వాళ్ళెవరో పోయినట్టు?"

"ఏం లేదండీ. ఇలాంటివి ఈ ఏడు చాలా వదిలేశాం."

నిర్ణయం వెలువడ్డాక, యుసేబియో మొదటి బండి మట్టి వాగులో పోస్తుంటే జీపొకటి వచ్చి ఆగింది. దిగినాయన కొండమీది రాగి గని మేనేజరు. వస్తూనే ముసలాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీ మేలు మర్చిపోలేం పెద్దాయనా. మా గొట్టానికి అనుమతివ్వకుండా ఆ నీటి చట్టం వాళ్ళు ఎన్నేళ్ళు ఏడిపించారో. మీ పుణ్యమా అని ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు."

"ఏం గొట్టం?"

"గనిలో రాయి కడిగిన నీళ్ళది." మేనేజరు కాళ్ళ దగ్గరున్న మట్టికుప్ప వైపు చూశాడు. "ఆ మట్టి మాత్రం తీసేయించండి. రేపట్నుంచి మీ వాగు ఏడాది పొడవునా పారుతుంది."