రెండో గ్లౌజు

మ్యూజియంలో యుద్ధకాలపు ఊలు అల్లికల గది అది. అద్దాల పెట్టెలో ఒక జత గ్లౌజులున్నాయి. ఒకటి పూర్తయింది. రెండోది అల్లుతుండగానే కొడుకు యుద్ధంలో పోయాడని కబురు రావడంతో, ఆ తల్లి సూదులు అలాగే వదిలేసింది. అరచేతి దాకా వచ్చి ఆగిన ఆ గ్లౌజుకు ఈ వారంలో నాలుగు వేళ్లు మొలిచాయి.

"తాళాలు మీ దగ్గర పెట్టుకుని నాకేం తెలీదంటే ఎలాగండీ?" అంది అధికారిణి. "రేపటికి బొటనవేలు కూడా వచ్చిందంటే, ఇక మీ ఇంటికే కాపలా కాసుకోండి."

ముసలి వాచ్‌మన్‌కు ఆమె మీదే అనుమానం. రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంది మరి. ఆమె కోటుకు బూడిదరంగు ఊలుపోగు అంటుకుని ఉండటం కూడా చూశాడు.

ఆ రాత్రి దీపాలార్పి, ఆమె కోసమే మూల కుర్చీలో మాటు వేశాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి టిక్కుటిక్కుమని సూదులు మొదలయ్యాయి. భార్య ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడు పక్కనే నిద్రపోయినవాడు, పొరబడే వీల్లేదు. టార్చి వేశాడు. చప్పుడాగింది. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. గ్లౌజుకు సగం బొటనవేలుంది.

ఉద్యోగం పోతుందని తెలిసీ, ఎందుకో జాలేసి టార్చి ఆర్పేశాడు.

సూదులు మళ్లీ కదిలాయి. చాలాసేపటికి ఊలును పంటితో కొరికిన చప్పుడైంది. తర్వాత ఏమీ వినిపించలేదు.

అప్పుడు వీధి తలుపును ఎవరో మెల్లగా తట్టారు.

"తలుపు తియ్యి నాయనా," అంది అతని చెవి పక్కనే ఒక ఆడగొంతు. "పాపం, బయట వాడి చేతులు కొంకర్లు పోతున్నాయి."