రొట్టెల సైకిలు

"నా సైకిలుకి ఈ తీగలేంట్రా, గాడిద కొడకా?"

"ఆ గాడిదవి నువ్వేగా, నాన్నా," అన్నాడు వగీహ్, సీటు కింద బిస్కెట్ల డబ్బా బిగిస్తూ. అందులో పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడబీకిన బ్యాటరీలున్నాయి. మోటారు తుక్కు బజారులో దొరికింది.

తండ్రి బయ్యూమీకి ఒళ్లు మండింది. రొట్టెలు పరిచిన బద్దల తడిక నెత్తిన పెట్టుకుని, కైరో సందులన్నిట్లో సైకిలు తొక్కీ తొక్కీ జుట్టు నెరిసినవాడు.

"మోటారుంటే ఏ వెధవైనా తొక్కుతాడు. నన్ను మూల కూచోబెట్టి నువ్వెక్కుదామనేగా?"

"నీ రొట్టెలు నాకెందుకు? వంతెన ఎక్కలేక దిగి నడుస్తున్నావని బజారంతా నవ్వుతోంది."

"నవ్వనీ. పీకెయ్ దాన్ని!"

"నువ్వే పీక్కో."

బయ్యూమీ కసిగా రొట్టెల బట్టీ అరుగు మీది తడికను నెత్తికెత్తుకున్నాడు. ఎప్పట్లాగే కుడిచేత్తో దాన్ని పట్టుకుని, ఎడమచేత్తో హ్యాండిల్ పట్టి సైకిలెక్కాడు. ఏ మోటారు బండికైనా వేగం పెంచే మీట కుడివైపే ఉంటుంది. దానికోసం చెయ్యి దించితే రొట్టెలన్నీ మట్టిపాలు. ఆ మాటే వీడి మొహాన కొడదామనుకున్నాడు.

కుడివైపు ఏమీ లేదు. మీటా, బ్రేకూ రెండూ ఎడమచేతి కిందే ఉన్నాయి. తడిక మోసేవాడికి తప్ప అలాంటి అమరిక ఇంకెవరికీ అక్కర్లేదు.

బయ్యూమీ ఎడమ బొటనవేలు మీట వైపు చాచాడు. కొద్దిలో అందలేదు.

"ఏడ్చినట్టుంది," అన్నాడు. "నా బొటనవేలికి అందేట్టు ఆ మీట జరిపి చావు."