తల్లి పలికింది

“టీకా వేయించకపోతే వీడూ దక్కడు అత్తయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటాను!”

“నోర్ముయ్! ఇంట్లో తల్లి కొలువై ఉండగా సూది మాటెత్తుతావా?”

వేపమండలు కట్టిన వాకిట్లో వెంకటరావమ్మ అడ్డంగా నిలబడింది. వీధిలో టీకాల తిరుపతిరావు అసహనంగా చూస్తున్నాడు. బెజవాడ నుంచి వచ్చిన మనిషి. పామర్రులో ఈ సాలె వీధి అయిపోతే సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. యుద్ధం రోజులు, మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

“పెద్దపిల్లకి వచ్చింది మశూచి అమ్మా. ఆ పిల్లకి ఇప్పుడు నేను చేయగలిగిందేమీ లేదు. చంటివాడికి మాత్రం ఇంకా వేళ మించిపోలేదు” అన్నాడాయన.

“మశూచా? కళ్ళు పోతాయండీ! అమ్మవారు. ఆవిడే మా ఇంటికొచ్చింది.”

అక్కడితో సరి. జబ్బయితే మందుంటుంది. ఇంటికొచ్చిన దేవతకి మందేమిటి? మొక్కాలి, అంతే. ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయింది, పోపు వాసన లేదు, పెద్దపిల్ల రామతులసిని పేరుపెట్టి పిలిచే నాథుడు లేడు. ఎనిమిదేళ్ళ పిల్ల దాహమంటే “తల్లి దాహం అడుగుతోంది” అని మజ్జిగ పెట్టి, లెంపలు వేసుకుని వచ్చేస్తున్నారు. కన్న తల్లి సుబ్బరత్నం కూడా గుమ్మంలోంచే “శాంతించు తల్లీ” అని దండం పెడుతోంది. మొగుడు చౌడయ్య, అమ్మకి ఎదురు చెప్పలేక, అరుగుమీద తల వంచుకుని కూర్చున్నాడు.

తిరుపతిరావు పెట్టె మూసి చంకన పెట్టుకున్నాడు. సుబ్బరత్నం చంటివాణ్ణి గుండెకి అదుముకుని గడపలోనే కూలబడింది.

“ఒక బిడ్డని ఆవిడకి అప్పజెప్పాను అత్తయ్యా! వీణ్ణన్నా నాకుంచండి!”

అప్పుడు లోపలి గదిలోంచి కేక వినిపించింది.

“వెంకటరావమ్మా!”

ముసలామె ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో ఆమెని అలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

“పసివాడికి టీకా వేయించు! అడ్డొచ్చావో, ఊరుకోను!”

వెంకటరావమ్మ లెంపలు వేసుకుంటూ తానే వేపమండలు పక్కకి తప్పించింది.

“రండి బాబూ, రండి. తల్లి సెలవిచ్చింది.”

తిరుపతిరావు పెట్టె తెరిచి పని కానిచ్చాడు. చంటివాడు కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వింటే సుబ్బరత్నానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి చౌడయ్య చేతుల్లో పెట్టి లోపలి గదిలోకి పరుగెత్తింది.

చాపమీద పిల్ల ఒళ్ళంతా పొక్కులు. రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. సుబ్బరత్నం నేలమీద సాగిలపడింది.

“నా కొడుకుని కాపాడావు. నా తులసిని కూడా నాకు వదిలిపెట్టు తల్లీ!”

పిల్ల చెయ్యి గాలిలో తడుముకుంది.

“అమ్మా, ఆ కేకేసింది నేనేనే. అట్లా అరిస్తేగానీ నాయనమ్మ వినదని... తమ్ముడికేం కాదుగా? ఒక్కసారి తులసీ అని పిలవ్వే. నాకు భయమేస్తోంది.”

సుబ్బరత్నం కొయ్యబారిపోయింది. ఆ చేతికి అందకుండా మోకాళ్ళమీదే వెనక్కి జరిగి, రెండు చేతులూ జోడించింది.

“నన్ను పరీక్షించకు తల్లీ!”