దెల్మి నేర్పిన మాటలు

“దీన్నేమంటారు, దెల్మీ?”

రెండో తరగతి టీచరు మార్లీన్ హావ్లిక్ తలుపు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఏడేళ్ల దెల్మి తలుపు వంక చూసింది, టీచరు వంక చూసింది, కాసేపు ఆలోచించింది.

“టుంబా,” అంది.

మార్లీన్‌కు ప్రాణం లేచొచ్చింది. బళ్లో చేరిన ఆరు వారాల్లో ఆ పిల్ల నోటి నుంచి ఊడిపడ్డ మొదటి మాట అది. వెంటనే అట్టముక్క మీద రాసి తలుపుకు అంటించింది.

దెల్మి వాళ్లది గ్వాటెమాలా కొండల్లో ఓ పల్లె. ఈ దేశానికి వలస వచ్చాక తండ్రి ఆండ్రెస్ ఈ ఊరి చివర మాంసం ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఇంట్లో మాట్లాడేది ఆ కొండల భాష, కాన్హోబల్. బడివాళ్లు మొదట స్పానిష్ దుబాసీని పిలిపించారు. తల్లి పెట్రోనా అతను చెప్పినదానికల్లా తలూపి, నవ్వి, వెళ్లిపోయింది. ఆవిడకు స్పానిష్ ముక్క కూడా రాదని వీళ్లకు తెలిసేసరికి మరో రెండు వారాలు గడిచాయి. కాన్హోబల్ వచ్చిన దుబాసీ ఫోన్లో ఒక్కడే దొరికాడు. అతను ఖాళీ అయ్యేది రెండు నెలల తర్వాత.

“అన్నాళ్లు ఎవరు ఆగుతారు?” అన్నాడు ప్రిన్సిపాల్ ఓస్ట్రాండర్. “నోరు విప్పని పిల్లని రెండులో ఎలా ఉంచమంటావు మార్లీన్? కిండర్‌గార్టెన్‌కి దింపేద్దాం.”

“అయిదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో చితికిపోతుంది సార్. దానికి మన ఇంగ్లీషు రాకపోతే దాని భాష నేనే నేర్చుకుంటాను. ఆ దుబాసీ దొరికేదాకా టైమివ్వండి.”

“ఈ వయసులోనా?”

“నా వయసు జోలికి రాకండి సార్.”

ఆ రోజు నుంచి మార్లీన్ కనపడ్డ వస్తువునల్లా దెల్మి ముందు పెట్టింది. నీళ్లు గిలు. కుర్చీ పోకో. బాత్‌రూమ్ బుజుజు. ‘మంచిది’ అనాలంటే సిలా. కొన్నిటికి దెల్మి చప్పున చెప్పేది, కొన్నిటికి కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించేది. పాపం, సొంత భాషే మరిచిపోతోందని మార్లీన్ బెంగపడింది.

భాష క్లాసంతా అంటుకుంది. పిల్లలు బుజుజు అడిగి వెళ్లొస్తున్నారు. భోజనాల దగ్గర వడ్డించే ఆర్డిత్ “గిలు ఎవరికర్రా?” అని కేకేస్తోంది. మంటలొస్తే బయటపడే అభ్యాసం జరిగిన రోజున పాతికమంది “టుంబా! టుంబా!” అని అరుస్తూ బయటికి పరిగెత్తారు. ఎవరైనా తప్పు పలికితే దెల్మి నడుము మీద చేతులు పెట్టుకుని దిద్దేది. మాతృభాషను ఇంతగా గౌరవించిన బడి మరొకటి లేదని జిల్లా ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

రెండు నెలల తర్వాత, శుక్రవారం బడి వదిలాక, పెట్రోనాను పిలిపించారు. బల్ల మీద ఫోను, ఫోన్లో ఎట్టకేలకు దుబాసీ. పక్కన ఫైలు తెరిచి ప్రిన్సిపాల్. పెట్రోనా భయంభయంగా గుమ్మంలో నిలబడింది.

మార్లీన్ ధైర్యం చేసింది.

“కామి, పెట్రోనా! పోకో!” అంది. రండి, కూర్చోండి అని.

పెట్రోనా మొహం చేటంతయింది. “కామి! కామి!” అంటూ వచ్చి కూర్చుంది.

“దెల్మి ఇంట్లో తిండి మంచిది?” అని అడిగింది మార్లీన్, ఆ భాషలోనే.

“తిండి మంచిది. నిద్ర మంచిది. మాటలు... మాటలు పెద్దది!”

పెట్రోనా మధ్యమధ్య సంచిలోంచి చిన్న పుస్తకం తీసి చూసుకుంటోంది. అందులో తలుపు, కుర్చీ, నీళ్ల గ్లాసు బొమ్మలు. తనకు అర్థం కావాలనే ఆవిడ బొమ్మలు గీసుకొచ్చి మరీ, ఒక్కో మాటా ఒత్తి పలుకుతోందని తోచి మార్లీన్‌కు కళ్లు చెమర్చాయి.

దెల్మి మాత్రం బల్ల కిందికి జారిపోతోంది. అప్పటికే రెండుసార్లు బుజుజుకి వెళ్లొచ్చింది.

“అమ్మా, ఒక్క మాట,” అంది ఫోను. “మీరిద్దరూ మాట్లాడేది...”

“ఉండండి సార్, మంచి ఊపు మీదున్నాం,” అంది మార్లీన్.

“అది కాదమ్మా, అసలు ఆ...”

“మీ అవసరం లేదులెండి, థాంక్యూ!” అని ప్రిన్సిపాల్ ఫోను పెట్టేశాడు.

అరగంట మాట్లాడుకున్నారు. చివరికి ఇద్దరూ కావలించుకున్నారు. ప్రిన్సిపాల్ ఫైల్లో ‘రెండో తరగతిలోనే కొనసాగుతుంది’ అని రాసి సంతకం పెట్టాడు.

“మార్లీన్, నిన్ను చూస్తే సిగ్గేస్తోంది. సోమవారం నుంచి నాక్కూడా నేర్పించు.”

“దెల్మిని అడగండి సార్. గురువు అది.”

దెల్మి మూడోసారి బుజుజుకి పరిగెత్తింది.

బయట పాత ట్రక్కులో ఆండ్రెస్ గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. తల్లీకూతుళ్లు ఎక్కగానే సొంత భాషలో ఆత్రంగా అడిగాడు.

“ఏమన్నారే? కిందికి దింపేస్తారా?”

“లేదయ్యా, రెండులోనే ఉంటుంది!”

“బతికించారు. దుబాసీ బాగా చెప్పాడా?”

“వాడితో పనేముంది? ఫోను పెట్టేశారు.”

“మరి టీచరమ్మతో ఎట్లా మాట్లాడావే?”

పెట్రోనా కూతుర్ని దగ్గరికి లాక్కుని, తల నిమిరి, గర్వంగా అంది.

“ఇంగ్లీషులోనే!”