ముప్పై సీసాలు

“రెండు గుంపులకీ తేడా ఏమీ లేదు. మీ మందు పని చెయ్యడం లేదు,” అంది మందు పరీక్ష లెక్కలు కట్టే మేడమ్, కళ్ళజోడు తీసి బల్లమీద పెడుతూ.

చేతుల వణుకుకి మందు కనిపెట్టాలని డాక్టరు ఆరేళ్ళు పడ్డ పాట్లు ఒక్క ముక్కలో తేలిపోయాయి. ముప్పై మంది రోగులు. పదిహేను మందికి అసలు మందు, మిగతా పదిహేను మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి మాత్రలు. ఎవరికి ఏవి పడ్డాయో వాళ్ళకీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ఆ గుట్టు దాచిన కవరుని ఇవాళ పొద్దున్నే మేడమ్ చింపింది.

“తేడా లేకపోవడమేంటి మేడమ్? అందరికీ వణుకు తగ్గింది కదా! ఇందాకే టైలరు నా కళ్ళముందు సూదిలో దారం ఎక్కించాడు.”

“ఆ టైలరువి పిండి మాత్రలు.”

డాక్టరు ఆమె ముందున్న కాగితాలు లాక్కుని చూశాడు.

“పిండి మింగినవాళ్ళకీ సగం తగ్గింది, మందు మింగినవాళ్ళకీ సగమే తగ్గింది. నెలనెలా మీరు భుజం తట్టి పంపిస్తున్నారుగా, ఆ ధైర్యానికే తగ్గి ఉంటుంది,” అంది మేడమ్. పాపం, ఆమె గొంతులో జాలే ఉంది. “పన్నెండింటికి కమిటీ. ఆపెయ్యమనే రాస్తున్నాను. ఇవాళ ఇచ్చిన సీసాలు కూడా వెనక్కి తెప్పించండి. ఏమీ అనుకోకండి.”

గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. డాక్టరు కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరిగాడు. పెన్ను మూత కొరికి కొరికి పాడుచేశాడు. అంతలో ఏదో తట్టి మందుల గదికి పరిగెత్తాడు.

“సీసాల మీద నంబర్లు ఎక్కడైనా తారుమారయ్యాయా?”

మందుల గది పెద్దాయనకి చర్రున కోపం వచ్చింది. “తారుమారా? నా చేతిలోనా? సీలుతో వచ్చిన సీసా సీలుతోనే కిటికీలోంచి ఇస్తాను. ఇందాక కూడా ముప్పై మందికీ ఇచ్చాను. నంబరు చదివించి మరీ ఇచ్చాను. కావాలంటే పుస్తకం చూస్కోండి!”

చూశాడు. ఒక్క కొట్టివేత కూడా లేదు. మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి నర్సు ఎదురైంది.

“సిస్టర్, నిజం చెప్పండి. వీళ్ళు మాత్రలు సరిగ్గా మింగుతున్నారా?”

“భలేవారే సార్! ప్రతినెలా పాత సీసాలు తెప్పించి చూస్తున్నానుగా. ఎవరి సీసాలోనూ ఒక్కటంటే ఒక్క మాత్ర మిగల్లేదు. మా ఆయన చూడండి, ఐదు రోజుల మాత్రలు రాసిస్తే మూడో రోజుకే మానేస్తాడు. ఇంత బుద్ధిమంతులైన రోగుల్ని నా సర్వీసులో చూడలేదు.”

ఆ బుద్ధిమంతులన్న మాట దగ్గర డాక్టరు కాస్త ఆగాల్సింది. ఆగే స్థితిలో లేడు. మూసేసిన షాపుని టైలరు మళ్ళీ తెరిచి నెలైనా కాలేదు. నువ్వు మింగింది పిండేనయ్యా అని చెబితే రేపు ఆ సూది అతని చేతిలో నిలుస్తుందా? తలచుకుంటేనే డాక్టరుకి ఏడుపొచ్చింది.

పన్నెండుకి పావుగంట ఉంది. ఇక తప్పదని నర్సుని వెంటబెట్టుకుని రోగులు కూర్చునే హాలు తలుపు తోశాడు.

అప్పటిదాకా లోపలినుంచి వినబడుతున్న గోల ఠక్కున ఆగిపోయింది. ముప్పై మందీ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. వెనక వరసలో ముసలమ్మ ఒళ్ళోది ఏదో గబుక్కున శాలువాతో కప్పేసింది.

“ఈ మందు… ఆపేస్తున్నారు,” అన్నాడు డాక్టరు. “పని చెయ్యలేదట.”

“పని చెయ్యకపోవడమేంటి?” టైలరు లేచి చెయ్యి చాపాడు. “చూడండి డాక్టరుగారూ! ఇదివరకు ఇలా చాపితే పక్కవాడికి తగిలేది.”

“మా ఆవిడ టీ కప్పు నిండా పోసి ఇస్తోందిప్పుడు,” అన్నాడు బస్సు డ్రైవరు.

“ఆపెయ్యకండి సార్, మీకు పుణ్యముంటుంది,” అన్నారు ఇంకెవరో.

డాక్టరు వాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయాడు. “నా చేతుల్లో ఏమీ లేదు. నంబరు చూసుకుని ఎవరి సీసా వాళ్ళు సిస్టరుకి ఇచ్చెయ్యండి.”

ఎవరూ కదల్లేదు. నర్సే వెళ్ళి టైలరు సీసా తీసుకుంది. తేలిగ్గా ఉంది. మూత తీసి తలకిందులు చేసింది. ఏమీ రాలేదు. డ్రైవరు సీసా తీసుకుంది. అదీ అంతే. పక్కన కూర్చున్న రిటైర్డు మాస్టారిదీ అంతే.

“ఇచ్చి గంట కాలేదు, అప్పుడే ఖాళీ ఏంటి?” నర్సు గొంతు పెరిగింది. “నెలకి సరిపడా మాత్రలు! అన్నీ ఒకేసారి మింగేశారా ఏంటి, కొంపదీసి?”

డాక్టరు మాస్టారి వైపు తిరిగాడు. “చెప్పండి మాస్టారూ! ఏం చేశారు?”

మాస్టారు ముసలమ్మ వైపు చూశాడు. ముసలమ్మ ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, శాలువా పక్కకి తీసింది. ఒళ్ళో పెద్ద గిన్నె. గిన్నె నిండా తెల్లటి మాత్రలు.

“మాలో సగం మందికి ఉత్తవే పడతాయని మొదటిరోజు నువ్వే చెప్పావు కదా నాయనా! పాపం ఎవరికీ అన్యాయం జరక్కూడదని, ప్రతినెలా అన్నీ ఈ గిన్నెలో పోసి, బాగా కలిపి, అందరం సమంగా పంచుకుంటున్నాం.”